గీసే చెయ్యి ఉంటేనే కల్లు

జడ్చర్ల దాటి దక్షిణానికి దిగుతున్నకొద్దీ 44వ నంబరు జాతీయ రహదారికి రెండు పక్కలా నేల ఎర్రబడుతుంది. గుండ్లు, గుట్టలు, గుట్టల కింద పల్లికాయ చేలు. భూత్పూర్, అడ్డాకుల వెనకబడ్డాక వెల్టూరు దగ్గర ఎడమకు తిరిగితే బెంగళూరు లారీల రొద తగ్గిపోతుంది. అక్కణ్నుంచి పెద్దమందడి దాకా కంటికి ఆనేవి తాటిచెట్లే. చెలక గట్ల మీద ఒంటరిగా కొన్ని, కుంటకట్టల మీద బారులు తీరి కొన్ని. వాగు పల్లంలోకి దిగితే ఈతచెట్లు గుంపులు గుంపులు. ఫాల్గుణం వచ్చేసింది, మోదుగలు పూశాయి. ఈతకల్లు తగ్గుముఖం పట్టి, పోతుతాళ్ల కల్లు ఊపందుకునే కాలం. రెండూ ఒకేసారి చూడాలని ఈ రోజులు ఎంచుకుని బయల్దేరాను.

2016 అక్టోబర్ 11న వనపర్తి జిల్లా ఏర్పడేదాకా పెద్దమందడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఊళ్లోవాళ్ల నోట ఇప్పటికీ పాలమూరే. పాలమూరు అనగానే కరువు గుర్తొస్తుంది, వలస గుర్తొస్తుంది. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ మట్టి మోసిన చేతుల్లో ఇక్కడివీ ఉన్నాయి. అంత కరువులోనూ ఈ నేలకు ఆసరాగా నిలిచిన పంట ఒకటుందన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది. వాన మొహం చాటేసినా, బావి అడుగంటినా, తాడూ ఈతా ఏదో మేరకు ఊటనిస్తూనే వచ్చాయి. విత్తనం కొననక్కర్లేదు, ఎరువు వేయనక్కర్లేదు. కావలసిందల్లా రోజూ చెట్టు దగ్గరికి వెళ్లే మనిషి. కల్లును మత్తుగా మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి అందదు. కల్లు బతకాలంటే ముందు చెట్టెక్కే మనిషి బతకాలి. ఈ ప్రయాణంలో నాకు గట్టిగా తెలిసివచ్చింది అదే.

సాయంత్రం నాలుగు దాటాక వాగు ఒడ్డున ఈతవనంలో ఒక గౌడన్న కనబడ్డాడు. అరవైకి అటూ ఇటూ ఉంటాడు. నడుముకు ముస్తాదు, దాంట్లో రెండు కత్తులు. చెట్టెక్కే ముందు ఒక చెక్క మీద మెత్తటి రాతిపొడి చల్లి కత్తిని అటూ ఇటూ తీడుతున్నాడు. అంచును బొటనవేలి గోటి మీద ఆనించి చూసుకున్నాడు. మళ్లీ తీడాడు.

“అంత పదునెందుకు గౌడన్నా?” అని అడిగాను.

“మొద్దు కత్తి వెడితే చెట్టుకు గాయమైతది సారు. పదును కత్తి వెడితే పొర లేస్తది. గాయమైన చెట్టు కల్లు పొయ్యది” అన్నాడు.

ఈతను గీయడం అప్పుడే దగ్గరగా చూశాను. మొవ్వు కిందుగా ఒక పక్క మట్టలు కొట్టేసి, తెల్లని మెత్తటి బోదె బయటపడేదాకా చెక్కుతారు. కొన్నాళ్లు ఎండకూ గాలికీ ఆరనిస్తారు. తర్వాత అక్కడ ఏటవాలుగా గాటు పెట్టి, గాటు కింద ఈతాకు ముక్కో చిన్న పుల్లో గుచ్చి, దాని చివర లొట్టి అనే మట్టికుండ కడతారు. ఊట ఆకు మీదుగా జారి లొట్టిలో పడుతుంది. సాయంత్రం పొర తీసి లొట్టి కడితే పొద్దున్నే దించుకోవచ్చు. కొన్నాళ్లు గీశాక చెట్టుకు సెలవిస్తారు. మరుసటి ఏడు గీసేది రెండో వైపు. అందుకే ముదురు ఈతచెట్టు బోదె తిన్నగా ఉండదు. ఒక ఏడు ఇటు నొక్కు, మరో ఏడు అటు నొక్కు, పైదాకా మెట్లు కట్టినట్టు. ఆ నొక్కులు లెక్కపెడితే చెట్టు ఎన్నేళ్లు కల్లు పోసిందో తెలిసిపోతుంది. గౌడన్న ఒక చెట్టు మీద చెయ్యివేసి, కింది నొక్కులు తన తండ్రివనీ పైవి తనవనీ చెప్పాడు. ఏ నొక్కు దగ్గర చెయ్యి మారిందో చూపించాడు కూడా. ఊరి చరిత్రను ఇంత శ్రద్ధగా రాసిపెట్టిన పుస్తకం నేనెక్కడా చూడలేదు.

పొద్దున్నే తాళ్ల దగ్గరికి రమ్మన్నాడు. తెల్లవారకముందే వెళ్లాను. ఖిల్లా ఘణపురం వైపు గుట్టలు ఇంకా నల్లగానే ఉన్నాయి. తాడు ఎక్కడం వేరే విద్య. మోకును చెట్టు చుట్టూ తిప్పి నడుముకు బిగిస్తారు. పాదాలకు గుజి అనే బంధం. మోకు మీద వెనక్కి వాలి బరువంతా నడుము మీద వేసి, కాళ్లు పైకి తెచ్చి, ఆ వెంటనే మోకును పైకి విసురుతారు. మోకు ఎగిరే ఆ రెప్పపాటు మనిషిని పట్టి ఉంచేది పాదాలే. ఎత్తయిన తాడంటే నాలుగైదు అంతస్తుల మేడ. అక్కడ కొమ్మ ఉండదు, ఆసరా ఉండదు, బోదె మంచుకు తడిసి ఉంటుంది.

పైన జరిగే పని కింద నిలబడినవాళ్లకు కనబడదు. దిగి వచ్చాక గౌడన్న ఒక కంకిని చేతిలో పెట్టి వివరించాడు. పోతుతాటికి పూత కంకులు వేళ్లలా పొడుచుకొస్తాయి. వాటిని కలిపి కట్టి, కర్రతో నెమ్మదిగా నొక్కుతూ కొన్నాళ్లు మెత్తబరుస్తారు. తర్వాత కొసలు పలచగా గీస్తారు. ఆకంత పలచగా ఉండాలి ఆ గీత. లొట్టిలో కంకుల కొసలు దించి కడతారు. పొద్దునా సాయంత్రం ఎక్కి మళ్లీ గీయాలి. ఎండలు ముదిరాక పండుతాడు వంతు. దానికైతే లేత గెలను గీస్తారు.

“ఒక్క పూట ఎక్కకపోతే ఏమవుతుంది?”

“కొస ఎండిపోతది. రెండు పూటలు పోకపోతే చెట్టు మనల్ని మర్శిపోతది. మల్ల మొదటికెల్లి చెయ్యాలె. నా బిడ్డ పెండ్లినాడు గూడ పొద్దుగాల ఎక్కి దిగినంకనే పందిట్లకు పొయిన.”

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ద్రాక్షసారా చేసేవాళ్లు పంట ఏడాదికోసారి కోసుకుంటారు. ధాన్యంతో కాచేవాళ్లు గాదె తెరిచినప్పుడల్లా కాచుకోవచ్చు. కల్లు గీసేవాడికి ఆ వెసులుబాటు లేదు. గీత మొదలుపెట్టిన రోజు నుంచి కాలం ముగిసేదాకా చెట్టు ఆయనను పూటపూటకూ పిలుస్తూనే ఉంటుంది. జ్వరమొచ్చినా, చుట్టాలొచ్చినా ఎవరో ఒకరు ఎక్కవలసిందే.

చెట్టు నుంచి దిగే ఊటలో నూటికి పది పదిహేను పాళ్లు చక్కెర ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అది తియ్యగానే దిగుతుంది. అదే నీరా. కాచి ఇగరబెడితే తాటిబెల్లం. సున్నం లేని లొట్టిలోనైతే గాలిలోంచి, పాత లొట్టి గోడల్లోంచి ఈస్టు చేరి అప్పటికప్పుడే పులియడం మొదలవుతుంది. తేటగా దిగవలసిన ఊట పాలలా తెల్లబడేది ఆ సూక్ష్మజీవుల వల్లే. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి పొంగు, సాయంత్రానికి పులుపూ ఘాటూ. అప్పటికి దాంట్లో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు చేరుతుంది. మర్నాటికి పులిసి సిర్కా దారి పడుతుంది. కల్లు ఆయుష్షు ఒక్క రోజు. ఈ ఒక్కరోజు సంగతిని గుర్తుపెట్టుకోవాలి. తర్వాత జరిగిన అనర్థమంతా అక్కడే మొదలైంది.

కల్లు అమ్మే మండువలో తాటాకు రేక పట్టి తాగాను. పైనుంచి లొట్టి వంచుతుంటే రేకలోంచి నోట్లోకి జారింది. మొదట తీపి, దాని వెనక పచ్చి తాటిముంజ వాసన, చివర నాలుక కొసన చిన్న చురుకు. నురగలో పడ్డ ఈగను, చీమను గౌడన్న పీచుతో ఒడబోసి తీశాడు. పక్కన ఒక అక్క బొబ్బెర గుడాలు, వేయించిన పల్లికాయ అమ్ముతోంది. పల్లికాయ పీకి వచ్చిన కూలోళ్లు చెట్ల నీడన కూర్చున్నారు. ఆడవాళ్లూ ఉన్నారు. ఎవరూ దాచుకుని తాగడం లేదు, ఎవరూ తూలడం లేదు. తలా ఒక సీసా, నాలుగు గుడాలు, కూలి రేటు గురించి మాటలు. ఒక పెద్దమ్మ తాగబోయే ముందు రెండు చుక్కలు నేల మీద చిలికింది. పోచమ్మకు, మైసమ్మకు కల్లు సాక పోయడం ఈ ఊళ్లలో బోనమెంత పాతదో అంత పాతది. గౌడుల దేవుడు కాటమయ్య. చెట్టెక్కినవాణ్ని కాచేది ఆయనేనని వాళ్ల నమ్మకం.

మండువలో కూర్చుంటే నాకు సముద్రం అవతలి దీవులు గుర్తొచ్చాయి. ఇండోనేసియా తూర్పు భాగంలో రోటె, సావు అనే దీవులున్నాయి. చుట్టూ సముద్రమున్నా వాన తక్కువ, నేల పేద. అక్కడా మనిషిని నిలబెట్టింది మన తాటిజాతి చెట్టే. వాళ్లు లోంటార్ అంటారు. మగవాళ్లు పొద్దునా సాయంత్రం ఎక్కి గీస్తారు. తాజా ఊట తాగుతారు, మిగిలింది కాచి పాకం చేసి నిలవ పెట్టుకుంటారు. తర్వాత ఆ పాకాన్ని నీళ్లలో కలుపుకుని తాగి కడుపు నింపుకుంటారు. కొంత పులియబెట్టి బట్టీలో దించి సోపి అనే సారా చేస్తారు. జేమ్స్ ఫాక్స్ అనే మానవశాస్త్రవేత్త 1977లో ఈ దీవుల మీద ఒక పుస్తకమే రాశాడు. పక్క దీవుల్లో అడవి నరికి పోడు చేసుకున్నవాళ్లు నేల పాడై కరువు పాలైతే, తాటిని నమ్ముకున్న ఈ చిన్న దీవులవాళ్లు నిలదొక్కుకున్నారని ఆయన చూపించాడు. పాలమూరుకు ఇంత దగ్గరి చుట్టం మరొకటి లేదు.

ఫిలిప్పీన్స్ దీవుల్లో కొబ్బరి కల్లును తుబా అంటారు. మడచెట్ల బెరడు కలిపి ఎర్రగా చేస్తారు. 1521లో మాగెలాన్ ఓడల్లో వచ్చిన పిగాఫెట్టా కొబ్బరిచెట్ల నుంచి అక్కడివాళ్లు కల్లు తీసే తీరును రాసిపెట్టాడు. తర్వాత మనీలా నుంచి మెక్సికోకు నడిచిన ఓడల్లో గీత తెలిసినవాళ్లూ వెళ్లారు. మెక్సికో పడమటి తీరంలోని కొలీమాలో ఇవాళ్టికీ ఆ పానీయాన్ని అదే పేరుతో వీధుల్లో అమ్ముతారు. శ్రీలంక తీరంలోనైతే కొబ్బరిచెట్ల తలల మధ్య తాళ్లు కట్టి, నేలకు దిగకుండా చెట్టు నుంచి చెట్టుకు నడిచిపోతారు. ఆ కల్లునే బట్టీ పట్టి, పీపాల్లో నిలవ ఉంచి అరక్ పేరుతో దేశదేశాలకు పంపుతున్నారు. అక్కడ అది పేరున్న పానీయం. అలాంటి చెట్టే, అదే కత్తి, అదే సాహసం ఉన్న మన దగ్గర మాత్రం కల్లు మాట వస్తే చదువుకున్నవాళ్లు ముఖం తిప్పుకుంటారు.

అలా తిప్పుకోవడానికి కారణం ఉంది. దాన్ని దాటవేసి కల్లును పొగడడం నాకు ఇష్టం లేదు. ఈ ఉమ్మడి జిల్లాకు మందుకల్లు అంటుకుని చాలా ఏళ్లయింది. కల్లు ఆయుష్షు ఒక్క రోజే కదా. దుకాణం చెట్టుకు దూరమయ్యేకొద్దీ, తాగేవాళ్లు చెట్లకన్నా ఎక్కువయ్యేకొద్దీ అసలు కల్లు చాలదు. ఆ లోటును నీళ్లతో, సాకరీన్‌తో నింపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రజోలం కలపడం మొదలైంది. ఇవి డాక్టరు చీటీ మీద లెక్కగా వాడవలసిన మందులు. రోజూ కల్లులో తాగితే నరాలు వాటికి అలవాటు పడిపోతాయి. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, పిచ్చిపట్టినట్టు మాట్లాడతారు. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని గట్టిగా అరికట్టినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులు ఇలాంటి మనుషులతో నిండిపోయాయి. చనిపోయినవాళ్లూ ఉన్నారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కల్లులో అల్ప్రజోలం దొరికింది. మందుకల్లుకు అలవాటుపడినవాళ్లు తమంతట తాము ఒక్కరోజులో మానేయడం కూడా ప్రమాదమే. డాక్టరు దగ్గర కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. ఊళ్లలో ఈ మాట ఇంటింటికీ చేరాలి.

మండువలో ఈ ప్రస్తావన తెచ్చేసరికి గౌడన్న ముఖం ముడుచుకుంది. “మేము చెట్టు మీద పానం పెట్టి తెస్తం సారు. వాళ్లు పొడి కలిపి అమ్ముతరు. పేరు మాత్రం మా కులానికొస్తది” అన్నాడు. ఆ బాధ న్యాయమైనది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నంతకాలం గీసేవాడు మోసగాడి శిక్షను మోస్తూనే ఉంటాడు.

గీసేవాడికి న్యాయం కోసం ఈ నేల మీద పోరాటాలు జరిగాయి. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద రాబడి. చెట్ల మీద హక్కు గుత్తేదార్లది, కష్టం గౌండ్లోళ్లది. గుత్తేదారు పద్ధతి పోవాలని, చెట్టు గీసేవాడికే దక్కాలని గీత పనివారిని కూడగట్టినవాళ్లలో బొమ్మగాని ధర్మభిక్షం ముందు నిలిచాడు. ఆ డిమాండు నుంచే సహకార సంఘాలు, చెట్టు గీసేవాడి పేరనే లైసెన్సు ఇచ్చే పద్ధతి వచ్చాయి. హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలను 2014లో మళ్లీ తెరిచారు. 2023 మేలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నీరా కేఫ్ మొదలైంది. 2024 జులైలో కాటమయ్య రక్షా కవచం పేరుతో జారిపడకుండా ఆపే తాళ్లు, బెల్టు ఉన్న కిట్ల పంపిణీ మొదలైంది. ఇవన్నీ మంచి పనులే. నేను కలిసిన గౌడన్న మాత్రం ఇంకా మోకుతోనే ఎక్కుతున్నాడు. ఈ వయసులో చెయ్యి మార్చుకోవడం కష్టమన్నాడు. కొత్త కవచం కొత్త పిల్లలకు అలవాటు కావాలి. ఆ పిల్లలేరీ అన్నదే ప్రశ్న.

“నీ కొడుకు ఎక్కుతాడా?” అని అడిగాను.

“హైదరాబాద్ల కారు నడుపుతడు. ఎక్కుమని నేను గూడ అనలే సారు. మా తమ్ముడు పడి నడుము ఇరిగి మంచంల ఉన్నడు. అది సూసినోడు కొడుకును ఎక్కమంటడా?”

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. వాగు వెంట నడుస్తూ ఇంకో సంగతి చెప్పాడు. ఎత్తిపోతల నీళ్లు వచ్చాక వరి పెరిగింది, చెలకలు మడులయ్యాయి. మంచిదే. ఆ మడుల కోసం గట్ల మీది ఈతలు చాలా పోయాయట. తాడు నాటితే పూతకు రావడానికి పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇవాళ కొట్టిన తాటిని మనవడి కాలానికి గాని తిరిగి పొందలేం.

కల్లును కాపాడుకోవడమంటే నాకిప్పుడు కొన్ని స్పష్టమైన పనులు కనిపిస్తున్నాయి. కాలువ గట్ల మీద, కుంటకట్టల మీద తాళ్లూ ఈతలూ నాటాలి. ఇదే మండలంలో మోజెర్ల దగ్గర ఉద్యాన కళాశాల ఉంది. త్వరగా గీతకు వచ్చే, పొట్టిగా పెరిగే రకాల మీద అక్కడ పని జరిగితే ఈ పల్లెలకు ఎంతో మేలు. ప్రతి దుకాణంలో కల్లును తరచూ పరీక్షించి ఫలితం గోడ మీద రాయాలి. పొడి కలిపినవాడికి శిక్ష పడాలి, గీసేవాడికి గుర్తింపు దక్కాలి. పడినవాడి ఇంటికి సాయం నెలలు తిరగకముందే అందాలి. కల్లు తాగే అలవాటున్న మనబోటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. చెట్టు కనబడే చోటే తాగాలి, ఎవరు గీశారని అడగాలి, ఆ చేతికి దక్కాల్సిన ధర ఇవ్వాలి.

పెద్దమందడి వాగులో ఈతలు ఇంకా ఉన్నాయి. గట్ల మీద తాళ్లున్నాయి. వాటిని గాయపరచకుండా గీయగల మనుషులూ ఉన్నారు, కానీ వాళ్లలో చాలామంది అరవైకి దగ్గరపడ్డారు. వాళ్ల కాళ్లలో సత్తువ ఉన్న ఈ కొద్ది ఏళ్లలోనే నేర్చుకునే కుర్రవాళ్లకు ప్రాణభయం లేని పరికరం, బతకడానికి చాలే ఆదాయం, తలెత్తుకునే గౌరవం కల్పించాలి. ఆ మూడూ ఇస్తే ఎక్కడానికి ముందుకొచ్చే కుర్రవాళ్లు ఈ పల్లెల్లోనే దొరుకుతారని నా నమ్మకం.